ముత్యాలు మోకాళ్లు

ప్రేమానందానికి కోడలిని చూస్తే కడుపుమంట. ఆయన నోటితో ఈ మాట అంత తేలిగ్గా ఒప్పుకోడు గానీ, మనం చెప్పుకోవడానికి మొహమాటం దేనికి? కృపారాణి చెడ్డ పిల్ల కాదు. తిరుపతిలో ఒక ఆసుపత్రిలో, మోకాళ్లూ నడుములూ పట్టేసినవాళ్లకు కాపడం పెట్టి మెల్లగా నడిపించే విభాగంలో సహాయకురాలు. తెచ్చిన జీతం అత్త చేతిలో పెడుతుంది. ఆదివారం ఆరాధనకు అందరికంటే ముందు పోయి చాపలు పరుస్తుంది. ఆ పిల్ల చేసిన నేరమల్లా ఒక్కటే. సాయంత్రం ఐదున్నరకు ఆమె స్కూటీ సందులోకి తిరగ్గానే, పెరట్లో కొట్టంలో ఉన్న ముత్యాలు చెవులు నిక్కించి సకిలిస్తుంది.

ముత్యాలు ఆయన గుర్రం. తెల్ల ఆడగుర్రం. దానికి ఏడేళ్ల వయసప్పుడు కోలారు వైపునుంచి తెచ్చి, పదకొండేళ్లుగా తన చేత్తో మేపాడు, తోమాడు, పురుగు కుడితే తెల్లవార్లూ పక్కన నిలబడ్డాడు. ఆ పదకొండేళ్లలో ఆయన మోపెడ్ చప్పుడుకు అది ఒక్కసారన్నా సకిలించిందా? తల కూడా తిప్పేది కాదు. నిన్నగాక మొన్న వచ్చిన కోడలికి మాత్రం మేళతాళాలు. ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పండి.

వాళ్లది గుర్రాల కుటుంబం. ప్రేమానందం నాయన రైల్వే స్టేషన్‌నుంచి తిరుచానూరుకు జట్కా తోలేవాడు. ఆటోలు వచ్చి జట్కాలు పోయినా గుర్రాన్ని మాత్రం ఇంట్లోనుంచి పోనివ్వలేదు. పెండ్లి ఊరేగింపులకు, క్రిస్మస్ ఊరేగింపులకు, పిలకాయల పుట్టినరోజు ఫోటోలకు ముత్యాలే దిక్కు. పెండ్లికొడుకు ఏ కులమైనా, ఏ మతమైనా, మెడలో గంటలు కట్టుకొని ఠీవిగా నడిచేది. గుర్రం డొక్కలు కనపడితే ఆ ఇంటి మగవాడి పరువు పోయినట్టేనని ప్రేమానందం నాయన చెప్పేవాడు. అందుకే ముత్యాలు వీపు మంచంలాగా వెడల్పుగా, పొట్ట గుండ్రంగా నిగనిగలాడుతుండేది.

మొన్న మాఘమాసంలో శ్రీకాళహస్తిలో ఒక పెండ్లి. మండపం ఇంక వంద అడుగులు ఉందనగా ముత్యాలు నిలబడిపోయింది. అదిలించినా కదల్లేదు, బతిమాలినా కదల్లేదు. ముందు కాళ్లు రెండూ వణుకుతున్నాయి. పెండ్లికొడుకు దిగి, పూలదండ సర్దుకొని, నడిచిపోయాడు. డప్పులవాళ్లు కొట్టడం ఆపి చూస్తుండిపోయారు. ఎవడో కిసుక్కున నవ్వాడు కూడా. ఆ నవ్వు ప్రేమానందం చెవుల్లో వారం రోజులు మోగింది.

ఇంటికి వచ్చాక మోకాళ్లు తడిమి చూస్తే రెండూ వాచి వేడిగా ఉన్నాయి. ఆయన ఆలోచించే పనే పెట్టుకోలేదు. కుంపటి రాజేసి, ఇనప కమ్మీ ఎర్రగా కాల్చాడు. కీళ్లు పట్టిన గుర్రానికి వాత పెట్టాలి, వాళ్ల నాయన అట్లే చేసేవాడు, తాత అట్లే చేసేవాడు. కమ్మీ పట్టుకొని కొట్టంలోకి పోతే కృపారాణి అడ్డంగా నిలబడింది. పెండ్లయి వచ్చిన రెండేళ్లలో గుర్రానికి పదడుగుల దూరంలో తప్ప తిరగని పిల్ల, ఆ రోజు దాని ముందు కాళ్లకు తన వీపు ఆనించి నిలబడింది.

"మామా, మీ మోకాలు పట్టేసినప్పుడు వాత పెట్టించుకున్నారా?"

"నాది మనిషి కాలు."

"దానిది కట్టె కాలా?"

"తప్పుకో కృపా. ఇది మా నాయన సేసిన వైద్యం."

"మా ఆసుపత్రికి రోజూ యాభై మోకాళ్లు వస్తాయి మామా. ఒక్కదానికి కూడా కమ్మీ కాల్చి పెట్టేది నేను సూడలే. డాక్టరును పిలుస్తా. ఆయన పెట్టమంటే నేనే కాల్చి ఇస్తా."

పశువుల డాక్టరు ధనంజయ వచ్చాడు. కీళ్లు వంచి చూశాడు, నడిపించి చూశాడు. వాత మాట వినగానే ప్రేమానందం వైపు ఒక చూపు చూశాడు. అది చాలు, ఆయన కోడలి ముందు చిన్నబోయాడు.

"కీళ్లు అరిగిపోయినాయి పెద్దాయనా. అరిగింది మళ్లీ రాదు. నొప్పి తగ్గించుకుంటా, ఉన్నదాన్ని కాపాడుకుంటా రావాల. కీలులోకి వేసే సూదులు ఉండాయి గానీ మీరు తూగలేరు. డబ్బు లేకుండా చేసుకునేవి చెప్తా, వినండి. ఒకటి, సవారీ బందు. రెండు, కట్టేసి నిలబెట్టొద్దు, రోజూ కొంచెం కొంచెం నడిపించండి. గిట్టలు పెరగనీకుండా ఐదారు వారాలకోసారి కోయించండి. కింద మెత్తగా ఉండాల. నొప్పి పొడి రాసిస్తా, మరీ కుంటిన రోజే ఇవ్వండి, కొలత మీరితే కడుపులో పుండ్లు పడతాయి. అన్నిటికంటే ముఖ్యం ఒకటుండాది." ఆయన ముత్యాలు పొట్ట మీద తట్టాడు. "ఇది తగ్గాల. ఈ లావునంతా మోసేది ఆ రెండు మోకాళ్లే. ఉలవలు, బెల్లం అన్నీ బందు. ఎండుగడ్డి, నీళ్లు, ఉప్పుగడ్డ. అంతే."

"ఉలవలు లేకుండా గుర్రమా?" అన్నాడు ప్రేమానందం.

"ఉలవలతోనే ఈ గతి పట్టింది," అన్నాడు డాక్టరు.

ఆ రోజునుంచి కొట్టం కోడలి చేతిలోకి పోయింది. అడగలేదు, లాక్కోలేదు. డాక్టరు చెప్పినవన్నీ ఆ పిల్లకు ఒక్కసారికే అర్థమైనాయి, ఈయనకు ఒక్కటీ సగించలేదు, అంతే జరిగింది. రైస్ మిల్లునుంచి ఊక మూటలు తెచ్చి కొట్టమంతా జానెడు మందాన పరిచింది. పొద్దున్నే పెనం మీద రాళ్లుప్పు వేయించి, పాత పంచె ముక్కలో మూటగట్టి, తన చెంపకు ఆనించి వేడి చూసుకొని, రెండు మోకాళ్లకూ కాపడం పెట్టేది. తర్వాత స్వర్ణముఖి ఏట్లో గట్టిపడిన ఇసుక మీద పావుగంట నడిపించుకొని వచ్చేది. బళ్లో పారేసిన వాలీబాల్ వలను రెండు మడతలు వేసి సంచి కుట్టి, దాంట్లో గడ్డి కూరి వేలాడదీసింది. చిన్న కన్నాల్లోనుంచి ఒక్కొక్క పోచ లాక్కొని తినాలి గనక అదే గడ్డి మూడు గంటలు వచ్చేది. పాత చీర అంచు చించి, ప్రతి ఆదివారం ముత్యాలు పొట్ట చుట్టూ తిప్పి, కొస చేరిన చోట సిరాతో గీత గీసేది. ఇదంతా డ్యూటీకి పోయేలోపల, ఆదివారమైతే ఆరాధనకు పోయేలోపల. రెండు వారాలు తిరిగేసరికి, సాయంత్రం ఆమె స్కూటీ చప్పుడుకు ముత్యాలు సకిలించడం మొదలుపెట్టింది.

ప్రేమానందం అరుగు మీద కూర్చొని చూసేవాడు. ఒక పక్క మెచ్చుకోవాలనిపించేది, ఇంకో పక్క ఒళ్లు మండేది. రెండో పక్కే ఎక్కువ.

మూడో వారం ఒక పొద్దున చూశాడు. కృపారాణి కింద కూర్చొని మోకాలికి కాపడం పెడుతుంటే, ముత్యాలు మెడ వంచి గడ్డం తెచ్చి ఆమె భుజం మీద పెట్టింది. పెట్టి, కండ్లు మూసుకుంది. పదకొండేళ్లు తోమిన భుజం ప్రేమానందానిది. దాని మీద ఏనాడన్నా గడ్డం పెట్టిందా? ఆ పొద్దున ఆయన సంగటి ముద్ద సగం వదిలేసి లేచాడు.

"ఏమి, కడుపులో బాగలేదా?" అంది భార్య ఆనందమ్మ.

"కడుపులోనే బాగలేదు," అన్నాడు. అది నిజమే.

ఆ మధ్యాహ్నమే మొదలైంది. కృపారాణి డ్యూటీలో ఉంది, కొడుకు విజయ్ కుమార్ వ్యాను తోలుకొని యాత్రికులతో పోయాడు, ఆనందమ్మ కునుకు తీస్తోంది. ప్రేమానందం పిల్లిలాగా వంటింట్లోకి పోయి చారుకని నానబెట్టిన గిన్నెలోనుంచి గుప్పెడు ఉలవలు తీసుకొని కొట్టంలోకి పోయాడు. ముత్యాలు అరచేతిలోనుంచి ఒక్క గింజ కూడా వదలకుండా తిని, ఆ చేతిని నాకి, ఆయన మొహంలోకి చూసింది. ఎన్నాళ్లకు చూసింది! ఆయనకు ప్రాణం లేచి వచ్చినట్టయింది.

"ఆకలికి సంపుతా ఉండాది కదమ్మా నిన్ను," అన్నాడు దాని చెవిలో. "నేనుండాను లే."

మర్నాడు గుప్పెడు రెండు గుప్పెళ్లయింది. నాలుగో రోజు బెల్లం ముక్క చేరింది. పదో రోజుకు, మధ్యాహ్నం ఆయన చెప్పుల చప్పుడు విని ముత్యాలు కాలు దువ్వడం మొదలుపెట్టింది. సకిలించలేదు, నిజమే, అయినా కాలు దువ్వింది కదా! ఆయన మొహం వెలిగిపోయింది. సాయంత్రం అది స్కూటీకి సకిలించినప్పుడు, 'సకిలించుకో సకిలించుకో, కడుపు నింపేది ఎవరో నీకూ తెలుసు, నాకూ తెలుసు' అని మీసం కింద నవ్వుకునేవాడు.

బెల్లం తగ్గడం ఆనందమ్మ కనిపెట్టింది. కనిపెట్టదా మరి!

"ఈ ఇంట్లో ఎలకలు అచ్చుకు అచ్చు మోసకపోతా ఉండాయే," అంది మొగుడి మొహంలోకి చూస్తూ.

"నేనే తినినాలే," అన్నాడు ప్రేమానందం తల వంచుకొని.

"షుగరు మనిషివి! సిగ్గు లేదా?" అని ఆమె చెడామడా తిట్టింది. కోడలు కూడా, "మామా, కాళ్లు తిమ్మిర్లు పట్టేది అందుకే," అని మెత్తగా మందలించింది. ఆయన అన్నీ తలవంచుకొని పడ్డాడు. గుర్రం కోసం తిట్లు తినడంలో కూడా ఆయనకు ఒక గొప్ప కనపడింది. అంత దూరం పోయింది ఆ కుళ్లు.

ఇంక చీర అంచు సంగతి. మొదటి మూడు వారాలు సిరా గీతలు కొంచెం కొంచెంగా లోపలికి జరిగాయి. ముత్యాలు నడక కూడా సర్దుకుంది. ఆ తర్వాత గీత మీద గీతే పడింది. ఒక ఆదివారం, రెండో ఆదివారం, మూడో ఆదివారం. ఆపైన గీత బయటికి జరిగింది. కుంటు మళ్లీ వచ్చింది. కృపారాణికి అర్థం కాలేదు. గడ్డి తూకంలో తప్పు చేస్తున్నానేమోనని రెండు గుప్పెళ్లు తగ్గించింది. మళ్లీ తగ్గించింది. ఖాళీ అయిన వలను ముత్యాలు మూతితో కొడుతూ ఉంటే, ఆ పిల్ల చెవులు మూసుకొని ఇంట్లోకి వచ్చేసేది. అన్నం సరిగా తినేది కాదు. "అది తినకుంటే నేను ఎట్ల తినేది అత్తా?" అనేది.

మళ్లీ డాక్టరును పిలిపించారు. ధనంజయ మోకాళ్లు చూసి, పొట్ట చూసి, తల గోక్కున్నాడు.

"ఈ మేతకు తగ్గకుండా ఉండేది కాదే. లోపల ఇంకేదన్నా రోగం ఉండాదేమో. నెత్తురు పరీక్షకు పంపాల." తర్వాత కొట్టమంతా కలియజూసి, "పండుకుంటా ఉండాదా?" అని అడిగాడు.

"లేదు సార్," అంది కృపారాణి. "నేను చూసుకుంటా ఉన్నప్పటినుంచి ఒక్కసారి కూడా పండుకోలే. నిలబడే కునుకు తీస్తాది."

"పండుకుంటే లేవలేనని దానికి భయం. నిలబడి తీసే కునుకు నిద్ర కాదమ్మా. ఇట్లే ఉంటే ఒకనాడు నిద్రకు తూలి పడతాది. పడితే ఆ లావుతో లేవలేదు. వానలు పట్టినాయంటే చెమ్మకు కీళ్లు ఇంకా బిగుస్తాయి. ఆలోపల పండుకొని, తనంతట తాను లేస్తే బతుకుతాది. లేదంటే..." ఆయన సంచి సర్దుకున్నాడు. "లేదంటే దాని బాధ మనమే తీర్చాల్సి వస్తాది. ఆలోచించుకోండి."

ప్రేమానందం స్తంభానికి ఆనుకొని నిలబడ్డాడు. చెప్పాల్సిన మాట గొంతుదాకా వచ్చింది. కానీ కోడలి మొహం చూశాడు. ఇప్పుడు చెబితే ఆ పిల్ల ముందు తన బతుకు ఏం కావాలి? రేపటినుంచి మానేస్తే సరిపోతుంది, చెప్పడం దేనికి అనుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం కొట్టం వైపు పోలేదు. ముత్యాలు కాలు దువ్వింది. ఇంకోసారి దువ్వింది. మూడోసారికి ఆయన లేచి వంటింట్లోకి పోయాడు. ఒక్క ముక్కే, అనుకున్నాడు. రోజూ ఒక్క ముక్కే.

ఆ ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చెప్పే సమయం వచ్చింది. వాళ్లది రేకుల కప్పు ఉన్న చిన్న సంఘం, అరవైమంది ఉంటారు. ఒకామె కూతురి కాన్పు గురించి చెప్పింది, ఒకాయన ఎండిపోయిన బోరు గురించి చెప్పాడు. అప్పుడు ఆడవాళ్ల వైపునుంచి కృపారాణి లేచింది.

"మా ముత్యాలు కోసం ప్రార్థన చేయండి," అంది. "అది... గుర్రం. బరువు తగ్గితేనే బతుకుతాదంట. నేను సరిగ్గానే పెడతా ఉండాననుకుంటా, కానీ తగ్గట్లేదు. నా చేతిలో ఏదో తప్పుండాది. ఆ తప్పేందో దేవుడు నాకు చూపియ్యాలని ప్రార్థన చేయండి." కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని కూర్చుండిపోయింది.

పాస్టరు అయ్యగారు కరిగిపోయాడు. "గుర్రాన్ని చేసింది కూడా ఆయనే," అన్నాడు. "ఈ మనవి కోసం మన సంఘం పెద్ద ప్రేమానందంగారే ప్రార్థన నడిపించాల. ఆ జీవం మీద ఆయనకుండే ప్రేమ మనకెవరికుండాది?"

అరవైమంది కండ్లు మూసుకున్నారు. ప్రేమానందం లేచి నిలబడ్డాడు. ప్రార్థన చేయడం ఆయనకు కొత్త కాదు, ఊపిరి తీసుకున్నంత అలవాటు.

"పరిశుద్ధుడవైన తండ్రీ, నీకు స్తోత్రం."

"స్తోత్రం," అన్నారు అందరూ.

"సర్వ జీవరాశినీ పోషించే తండ్రీ, నీ సన్నిధిలో మా ముత్యాలును పెడతా ఉండాము."

"స్తోత్రం."

"దాని మోకాళ్లను ముట్టు తండ్రీ. దాని బరువును... దాని బరువును..."

ముందుకు పోలేదు. ఆడవాళ్ల వైపునుంచి, 'ప్రభువా, ప్రభువా' అని సన్నగా ఏడుపు వినిపిస్తోంది. అది కోడలి గొంతు. తన తప్పు చూపించమని ఏడుస్తోంది. లేని తప్పును వెతుక్కొని ఏడుస్తోంది. ప్రేమానందం జేబులో చెయ్యి పెట్టుకున్నాడు. మధ్యాహ్నానికని పొద్దున్నే కాగితంలో చుట్టి పెట్టుకున్న బెల్లం ముక్క వేలికి తగిలింది.

"నువ్వు తగ్గించేదేముండాది తండ్రీ," అన్నాడు. "నేనే పెడతా ఉండా."

స్తోత్రం అనబోయిన నోళ్లు ఆగిపోయాయి.

"రోజూ మధ్యాన్నం పెడతా ఉండా. ఉలవలు, బెల్లం. ఆ పిల్ల తప్పేమీ లేదు ప్రభువా. ఆయమ్మి చేతిలో ఏ తప్పూ లేదు. ఆయమ్మిని చూస్తే అది సకిలిస్తాది, నన్ను చూస్తే సకిలించదు. నాకు కుళ్లు తండ్రీ. ముసలోణ్ణి, తెల్లెంటికలోణ్ణి, నాకు కుళ్లు పుట్టింది. డాక్టరు సస్తాదని చెప్పినాక కూడా పెట్టినా."

వెనకనుంచి ఎవరో అలవాటుకొద్దీ "ఆమేన్" అన్నారు. కండ్లు ఒక్కొక్క జతగా తెరుచుకున్నాయి. ఆనందమ్మ గొంతు ఖంగుమంది.

"అయితే బెల్లం తినింది నువ్వు కాదా!"

కృపారాణి లేచి, చెప్పులు వేసుకొని, బయటికి వెళ్లిపోయింది.

ప్రేమానందం ఇంటికి చేరేసరికి ఆమె కొట్టంలో ఉంది. ముత్యాలు ముందు కాలు పట్టుకొని కూర్చుంది. ఆయన గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"తిట్టు కృపా," అన్నాడు.

"తిడితే ఏమొస్తాది?" ఆమె లేచి ఇటు తిరిగింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. "నెల రోజులు దాని నోటికాడ గడ్డి తీసేసినా మామా. ఆకలికి అది గోడ నాకింది. నేను ఏడుస్తా తీసేసినా. మీరు మధ్యాన్నం బెల్లం పెట్టి మంచోళ్లైనారు. దాని కడుపు మాడ్చింది నేను, దాని కాళ్లు ఇరగ్గొట్టింది మీరు. మనిద్దరం కలిసి దాన్ని సంపుతా ఉండాము, అది తెలుసా మీకు?"

"అది నిన్ను చూసి సకిలిస్తాది కదమ్మా..."

"దానికా? దానికోసరమా?" ఆమె గొంతు లేచింది. ఇంతకాలం ఆ ఇంట్లో ఆ గొంతు అంత పైకి ఎవరూ వినలేదు. "మోకాళ్లు పోయి పడిపోతే అది ఎవర్ని చూసి సకిలిస్తాది మామా?"

ప్రేమానందం జేబులోని కాగితం పొట్లం తీసి గుమ్మం మీద పెట్టాడు. ఆమె దానివైపు చూడను కూడా చూడలేదు.

మూడు రోజులు మాటల్లేవు. నాలుగో రోజు పొద్దున డ్యూటీకి పోతూ వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"మధ్యాన్నం వల నింపేది ఇంక మీరే. గడ్డి తూచి మూట కట్టి పెట్టి పోతా. మూట ఎంతో అంతే, ఒక్క పోచ ఎక్కువ వద్దు. అది అడుగుతాది. కాలు దువ్వుతాది. లేదని మీరే చెప్పండి. ఇన్నాళ్లూ నేను చెప్పినా."

కొట్టంలోకి రావద్దంటుందని ఆయన భయపడ్డాడు. దానికంటే కష్టమైన శిక్షే వేసింది. మధ్యాహ్నం మూట విప్పి వలలో కూరి, ఖాళీ చేతులతో నిలబడ్డాడు. ముత్యాలు వచ్చి అరచేయి వాసన చూసింది, నాకింది. జేబును మూతితో పొడిచింది. చొక్కా గుండీ కొరికి తెంపేసింది. "లేదమ్మా," అన్నాడు. అది కాసేపు చూసి, మెల్లగా తిరిగి, పిరుదులు ఆయన వైపు పెట్టి నిలబడింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పది రోజుల తర్వాత కాలు దువ్వడం కూడా మానేసింది. ఆయన చెప్పుల చప్పుడుకు చెవి కూడా కదిపేది కాదు.

సాయంత్రం స్కూటీకి మాత్రం సకిలింపు తప్పలేదు. కుళ్లు తగ్గిందా అంటే, ఆయన ఇంక అబద్ధమాడడు. సంఘంలో అరవైమంది ముందు ఒప్పుకున్నంత మాత్రాన పోయేదైతే అదేం కుళ్లు? ప్రతి సాయంత్రం ఐదున్నరకు కడుపులో భగ్గుమనేది. భగ్గుమన్నా ఆయన చేతులు మూట కొలతను దాటలేదు. గిట్టలు కోసేవాడు వస్తే దగ్గరుండి కోయించాడు. కోడలికి పెందలాడే డ్యూటీ ఉన్న రోజుల్లో ఉప్పు తనే వేయించి, ఆమె చేసినట్టే తన చెంపకు ఆనించి వేడి చూసుకొని కాపడం పెట్టాడు. మీసం పక్కన చిన్న బొబ్బ కూడా లేచింది.

చీర అంచు మీద గీతలు మళ్లీ లోపలికి నడిచాయి. వేలెడు, రెండు వేళ్లు, నాలుగు వేళ్లు. ముత్యాలు డొక్కలు లీలగా కనపడసాగాయి. దారిన పోయేవాళ్లు, "ఏమప్పా, గుర్రానికి తిండి పెట్టట్లేదా?" అంటే ప్రేమానందం తల దించుకోలేదు. "పెట్టట్లే," అని గట్టిగా చెప్పాడు. కానీ పడుకోవడం మాత్రం లేదు. రోజూ పొద్దున కృపారాణి ఊక మీద ఒళ్లు ఆనిన జాడ ఉందేమోనని వెతికేది. లేదు. జూన్ వచ్చింది. కొండ మీద మబ్బులు కమ్మడం మొదలైంది.

ఒక మధ్యాహ్నం ప్రేమానందం వల నింపి, అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. గడ్డి నమిలే చప్పుడు ఆగింది. తల ఎత్తి చూశాడు. ముత్యాలు ఊకను మూతితో ఇటూ అటూ తోస్తోంది. ఒకచోట గిరగిరా తిరిగింది. ముందు కాళ్లు కొంచెం వంచి, మళ్లీ భయపడి, నిటారుగా నిలబడింది. ఆయన ఊపిరి బిగపట్టాడు. రెండోసారి మోకాళ్లు వంచింది. ఈసారి ఆగలేదు. పెద్దగా మూలిగి, ఊక మీదికి వాలి, తల కింద పెట్టి, నాలుగు కాళ్లూ చాపేసింది.

చచ్చిపోయిందేమోనని ఆయన కండ్లప్పగించి చూశాడు. పొట్ట లేస్తోంది, దిగుతోంది. గురక కూడా వినపడింది. అరుగు మీదనుంచి కదలడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. ఎంతసేపు అట్లా చూశాడో, చెమటకు చొక్కా వీపుకు అతుక్కుపోయింది. చివరికి ముత్యాలు తల ఎత్తింది. ముందు కాళ్లు ముందుకు చాపి ఒక్క ఊపు ఊపింది. లేవలేదు, మళ్లీ కూలబడింది. "ప్రభువా," అన్నాడు ఆయన. ఇంకో ఊపు. మోకాళ్లు వణికాయి, నిలబడ్డాయి. ముత్యాలు నాలుగు కాళ్ల మీద నిలబడి, ఒంటికి అంటిన ఊకంతా దులుపుకొని, ఏమీ జరగనట్టు గడ్డి దగ్గరికి పోయింది.

ప్రేమానందం వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుపు ఆగాక ముందుగా వచ్చిన ఆలోచన ఏమిటంటే, దీన్ని తనొక్కడే చూశాడు. ఈ ప్రపంచంలో ఇంకెవరూ చూడలేదు. ఈ ఒక్కటీ తనది. సాయంత్రం దాకా కడుపులోనే దాచుకొని, కోడలు వచ్చాక తీరిగ్గా, ఊరించి ఊరించి చెబితే ఎంత బాగుంటుంది! ఆ తీపి అట్లా ఒక నిమిషం నోట్లో ఆడింది. తర్వాత ఆయన ఫోను తీశాడు.

"కృపా, నేనమ్మా. పండుకొని లేసింది."

"ఎవరు?"

"ఎవరేంది! ముత్యాలు. పండుకొని, నిద్రపోయి, తనంతట తానే లేసింది."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది.

"మీరు చూసినారా మామా? మొత్తం?"

"మొదటినుంచి."

"ఒక్కరే?"

"ఒక్కణ్ణే."

"ఫోటో అన్నా తీసినారా?"

"ఫోటో ఎట్ల తీసేదమ్మా? నాకు ఊపిరే ఆడలే."

"నాలుగు నెలలు పొద్దున్నే లేసి ఊక తిరగేసింది నేను," అంది కృపారాణి. "నేను ఈడ ఉన్నప్పుడే పండుకోవాలనా అది? మీకోసరమని పండుకునిందా? పోండి మామా, మీతో మాట్లాడను." ఫోను పెట్టేసింది.

ప్రేమానందం ఫోను చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. ఆ గొంతులో ఉన్నదేమిటో ఎవరూ ఆయనకు విడమరిచి చెప్పనక్కర్లేదు. అది ఎంత మండుతుందో, ఎక్కడ మండుతుందో ఆయనకు తెలిసినంతగా తిరుపతిలో ఇంకొకరికి తెలియదు.

కొట్టంలోకి పోయాడు. ముత్యాలు మళ్లీ ఊకను మూతితో తోస్తోంది. ఒకసారి లేవగలిగాక దానికి ధైర్యం వచ్చినట్టుంది, నెలలనాటి నిద్ర కూడా బాకీ ఉంది. ఆయన గబగబా పోయి దాని మెడ కింద చెయ్యి వేసి పట్టుకున్నాడు.

"ఇప్పుడే పండుకోబాకమ్మా," అన్నాడు బతిమాలుతూ. "ఐదున్నరకు వస్తాది. కొంచెం సేపు ఓర్సుకో. ఆయమ్మి వచ్చినాక పండుకో."